ద్వితీయకృతి పరాజయము: 'జింగలమదూని' గీతసంపుటి విచారము

మొదటి కృతితో గొప్ప ఖ్యాతి గడించినవారు రెండవ కృతియందు తడబడుట సాహిత్యచరిత్రకు క్రొత్త విషయము కాదు. నాటకకర్తలయందును, నవలాకారులయందును, గేయకర్తలయందును దీనికి నిదర్శనములు కలవు. అమెరికా దేశపు సంగీతవ్యాపారమున ఇది ఎంత తరచుగా సంభవించుననగా, వారు దీనికొక పేరే పెట్టుకొనిరి. కళాశాలలో మొదటి సంవత్సరము ఉత్సాహముతో గడపి రెండవ సంవత్సరమున చతికిలబడు విద్యార్థిని బట్టి ఆ పేరు వచ్చినది. తెనుగున దానిని 'రెండవయేటి గండము' అనవచ్చును. ఈ గండమునకు సామాన్యముగా చెప్పబడు కారణములు రెండు. కృతికర్తకు తీరిక చాలలేదని కొందరును, లోకుల అభిరుచి మారినదని కొందరును చెప్పుదురు. రెండును కృతికి వెలుపలి కారణములే. కృతిలోనికి పోయి అందేమి లోపించినదో చూచువారు అరుదు.

అట్టి పరిశీలనకు తగిన ఉదాహరణముగా 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్' అను అమెరికా హిప్-హాప్ బృందమువారు 1994లో వెలువరించిన 'జింగలమదూని' అను గీతసంపుటిని మేమిచ్చట గ్రహించుచున్నాము. తెలుగు పరిశోధనపత్రికలో దీనికి చోటెక్కడిదని శంకించువారుండవచ్చును. కావ్యమున ఉపదేశము ఎట్లు ఇమడవలెనను ప్రశ్న మన ఆలంకారికులకు చిరపరిచితమైనది. రాజువలె శాసించు వేదము ప్రభుసమ్మితమనియు, చెలికానివలె నచ్చజెప్పు పురాణము సుహృత్సమ్మితమనియు, ప్రియురాలివలె మనసు కరగించి త్రోవకు తెచ్చు కావ్యము కాంతాసమ్మితమనియు మమ్మటుని అనుసరించి మనము చదువుకొనుచున్నాము. ఈ బృందమువారి మొదటి రెండు సంపుటులను ప్రక్కప్రక్కన నుంచి విన్నచో ఆ విభాగము పాఠ్యగ్రంథములలోని మాటగా మిగులక, చెవికే తెలియు భేదముగా స్ఫురించును.

ముందుగా హిప్-హాప్ అననేమో కొంత చెప్పవలెను. న్యూయార్కు నగరమునందలి బ్రాంక్స్ ప్రాంతమున, 1973 ఆగస్టు 11వ తేదీని, జమైకానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములోని కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి ఏర్పాటు చేసిన వినోదసభలో రికార్డులు వేయుటతో ఈ కళ ఆరంభమైనదని చెప్పుట పరిపాటి. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, గాత్రము ఆగి తాళవాద్యములు మాత్రము మ్రోగు ఘట్టమును మరల మరల త్రిప్పి, ఆడువారికి ఎడతెగని లయనందించుట అతని నేర్పు. ఆ లయపై మాటలు పలుకుటయే రాప్. అది పూర్తిగా గానమును కాదు, వచనమును కాదు. తాళమునకు లొంగిన వాక్కు. ద్వితీయాక్షరప్రాసకు అలవడిన మన చెవికి ఇందలి ప్రాస పాదాంతములందును, నడుమనడుమ పాదమధ్యములందును వినబడును. సభలో అప్పటికప్పుడు పదములల్లి ఎదిరిని గెలుచు అలవాటును ఇందు కలదు. అవధానసభలు చూచినవారికి ఆ ఉత్సాహమును వర్ణింపనక్కరలేదు. కాలక్రమమున పాతపాటలలోని తునకలను యంత్రసహాయమున గ్రహించి క్రొత్తపాటకు పునాదిగా కూర్చుట ఆచారమైనది. ఆ తునకను శాంపిల్ అందురు. పది పదునైదు పాటలను ఒక వరుసలో కూర్చి ఒకే పేర విడుదల చేసినచో అది ఆల్బమ్. దానినే మేమిచ్చట సంపుటి అనుచున్నాము.

1988లో, హిప్-హాప్‌కు న్యూయార్కును లాస్ ఏంజిలిసును రాజధానులుగా చెలామణి అగుచున్న దినములలో, దక్షిణమున జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమునందు ఈ బృందమేర్పడినది. దానిని స్థాపించినవారు స్పీచ్ అని వ్యవహరింపబడు టాడ్ థామస్, హెడ్‌లైనర్ అని వ్యవహరింపబడు టిమొతీ బార్న్‌వెల్. స్పీచ్ మిల్వాకీ నగరమున పెరిగినవాడు. అతని కుటుంబము అచ్చట నల్లజాతివారి పత్రిక నొకదానిని నడపినది. ఆ పేరునకు 'వాక్కు' అనియు 'ఉపన్యాసము' అనియు రెండర్థములును చెప్పవచ్చును. మన చర్చకు ఆ రెండును పనికివచ్చును. బృందము పేరునకు అర్థము 'అరికట్టబడిన ఎదుగుదల'. తమ జాతి స్థితిని వారట్లు సూచించిరి. గాయకులు, నర్తకులు, రికార్డులు త్రిప్పువారు కలిసిన ఈ గుంపులో బాబా ఓజే అను వృద్ధుడొకడుండుట విశేషము. ఆయన 1932లో జన్మించినవాడు. మొదటి సంపుటి వెలువడునాటికి సుమారు అరువదియేండ్లవాడై యుండెను. కుర్రకారు కళగా పేరొందిన హిప్-హాప్ వేదికపై కుటుంబపెద్దవలె ఆయన కూర్చుండుటయే ఒక భావమును తెలుపుచుండెను. బుర్రకథలో కథకునికి వంతలున్నట్లు, ఇచ్చట స్పీచ్ మాటకు స్త్రీకంఠములు బదులు పలుకుచుండెడివి.

మొదటి సంపుటి 1992 మార్చిలో వెలువడినది. దాని పేరు 'మూడు సంవత్సరముల ఐదు నెలల రెండు దినముల జీవితము' అని అర్థమిచ్చు పొడవైన పదబంధము. బృందము పుట్టినది మొదలు రికార్డు సంస్థతో ఒప్పందము కుదురువరకు పట్టిన కాలమది. ఇట్లు నిరీక్షణనే పేరుగా పెట్టుకొన్న కృతులు అరుదు. సంపుటి బిల్‌బోర్డ్ పట్టికలో 7వ స్థానమునకు ఎక్కినది. 'టెన్నెసీ', 'పీపుల్ ఎవ్రీడే', 'మిస్టర్ వెండల్' అను మూడు పాటలును ఒక్కొక్కటిగా మొదటి పది స్థానములలో నిలిచినవి. అమెరికాలోనే 40 లక్షల ప్రతులకు సంబంధించిన గుర్తింపు లభించినది. 'విలేజ్ వాయిస్' పత్రిక విమర్శకులచే ఏటేట జరిపించుచుండిన ఓటింగులో ఆ సంవత్సరపు ఉత్తమసంపుటిగా ఇదియే ఎన్నికైనది. 1993 ఫిబ్రవరిలో నూతన కళాకారులకిచ్చు గ్రామీ బహుమానము ఈ బృందమునకు వచ్చినది. హిప్-హాప్‌వారికి ఆ బహుమానము అంతకుముందు ఎన్నడును రాలేదు.

ఈ కీర్తికి మూలమైన 'టెన్నెసీ' పాటను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. స్పీచ్ కుటుంబమునకు టెన్నెసీ రాష్ట్రమున పూర్వబంధము కలదు. అతని అవ్వయు అన్నయు ఒకే వారమున మరణించిరి. ఇరువురిని అతడు కడసారి చూచినది ఆ రాష్ట్రముననే. పాట దైవమునుద్దేశించిన ప్రార్థనగా ఆరంభమగును. వక్త తన దుఃఖమును చెప్పుకొనును, త్రోవ చూపుమని వేడును, టెన్నెసీకి పొమ్మను ప్రేరణ కలుగును. పోయిన చోట పూర్వులను ఉరితీసిన చెట్లు కనబడును. చిన్ననాట పిల్లలు ఎక్కి ఆడుకొను చెట్లును అవియే. ఒక జాతి చరిత్ర అంతయు ఒక చెట్టుక్రిందికి వచ్చి చేరినది. దీనిలో ఉపదేశము లేదా అనిన, కలదు; చరిత్ర తెలియనిదే త్రోవ తెలియదని పాట చెప్పుచునే యున్నది. కాని ఆ మాట అన్నను పోగొట్టుకొన్నవాని నోట వచ్చుచున్నది. అతడు మనకు బోధించుట లేదు, తాను నేర్చుకొనుచున్నాడు. శోకము స్థాయిగా నిలిచి, ఉపదేశము దానికి అంగమై ఒదిగినది.

ఆ పాటకు మరియొక బలము కలదు. చివరి భాగమున డియాన్ ఫ్యారిస్ అను గాయని కంఠమెత్తి పాడుట మొదలుపెట్టగానే, అంతవరకు మాటగా నడచిన దుఃఖము గానమై పైకి లేచును. పాటలో వినబడు 'టెన్నెసీ' అను ఊరిపేరు ప్రిన్స్ అను ప్రసిద్ధ గాయకుని రికార్డునుండి ముందుగా అనుమతి లేక గ్రహించిన శాంపిల్. పాట పట్టికలలో పైకి వెళ్లినపిమ్మట ప్రిన్స్ పక్షమువారు దానికి 1,00,000 డాలర్లు వసూలు చేసిరని స్పీచ్ పలుమార్లు చెప్పియున్నాడు. అక్షరలక్షలిచ్చిన ప్రభువుల కథలు మనకు కలవు గాని, ఒక్క మాటకు కవియే లక్ష చెల్లించుట ఇచ్చటనే చూచుచున్నాము.

సంపుటిలోని తక్కిన మంచిపాటలును ఈ తీరుననే నడచును. 'మిస్టర్ వెండల్' ఇల్లు వాకిలి లేక వీధిలో బ్రతుకు ఒక మనుష్యుని గూర్చినది. పాటలో వక్త అతనికి చిల్లర యిచ్చి, బదులుగా జ్ఞానము పుచ్చుకొనును. అతనిని దయనీయునిగా కాక స్వతంత్రునిగా చూచును. పేరునకు ముందు గౌరవవాచకమును చేర్చుటయే సగము కవిత్వము. ఆ పాటపై వచ్చిన ప్రతిఫలములో సగమును బృందమువారు నిరాశ్రయుల కొరకు పనిచేయు సంస్థకు ఇచ్చిరి. 'పీపుల్ ఎవ్రీడే' స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ వారి 1968 నాటి పాటను ఆధారముగా గొన్నది. ప్రేయసితో ఉద్యానవనమున నున్న వక్తను తన జాతివారే అయిన కొందరు తాగుబోతులు వేధింతురు. అతడెంత ఓర్చుకొన్నను తుదకు కలహము తప్పదు. తమలో తాము ఎట్లు మెలగవలెనను చర్చ అంతయు ఒక సాయంకాలపు సంఘటనగా మారినది.

మొదటి సంపుటి అంతయు ఇట్లే యున్నదని చెప్పుట న్యాయము కాదు. పిల్లలను మట్టిలో ఆడుకొమ్మను పాటయు, విప్లవమును వర్షముతో పోల్చు పాటయు నేరుగా బోధించునవే. వానిని మేము ఇష్టముతో వినజాలము. అయినను వెండల్, అవ్వ, ఉద్యానవనములోని జంట చుట్టునుండగా ఆ బోధలు ఊరిలో తెలిసినవారు చెప్పిన మాటలవలె చెల్లిపోయినవి.

రెండు సంపుటుల నడుమ కాలమున రెండు పరిణామములు జరిగినవి. ఒకటి బృందమునకు దక్కిన హోదా. స్పైక్ లీ తీసిన 'మాల్కమ్ ఎక్స్' చిత్రమునకు 1992లో వారు పాట కూర్చిరి. వాద్యకచ్చేరిగా నడచిన వారి దూరదర్శన ప్రదర్శన 1993లో ప్రత్యేక సంపుటిగా వచ్చినది. తుపాకులను, దౌర్జన్యమును పాడు రాప్‌కు మారుగా వీరిది సాత్వికమైన రాప్ అని పత్రికలు కొనియాడినవి. ఇట్టి పొగడ్త ప్రమాదకరము. ఒకదానికి ప్రతిపక్షముగా గుర్తింపబడినవాడు తన మాటను తాను చెప్పుకొనుటకు బదులు, ఆ పక్షమున ప్రతినిధిగా మాటలాడవలసివచ్చును. రెండవ పరిణామము, ఆ ఎదుటిపక్షమే జయించుట. 1992 డిసెంబరులో డాక్టర్ డ్రే 'ది క్రానిక్', 1993 నవంబరులో వూ-టాంగ్ క్లాన్ తొలి సంపుటి, అదే నెలలో స్నూప్ డాగీ డాగ్ 'డాగీస్టైల్', 1994 ఏప్రిలులో నాస్ 'ఇల్‌మాటిక్' వెలువడినవి. ఇరువది నెలలలోపల హిప్-హాప్ రూపురేఖలు మారిపోయినవి.

'జింగలమదూని' 1994 జూన్ 14న ఇట్టి లోకమున అడుగుపెట్టినది. ఈ పేరు స్వాహిలీ పదములతో కల్పింపబడినది. 'సంస్కృతి తేనెపట్టు' అని తాత్పర్యము. పదనిర్మాణమును కొంచెము చూచుట మా శాఖవారికి ఉచితమే. స్వాహిలీలో తేనెపట్టునకు 'మ్జింగా' అనియు, సంస్కృతికి 'ఉతమదూని' అనియు పేర్లు. పూర్వపదాదియందలి మకారమును, ఉత్తరపదాదియందలి రెండక్షరములను లోపింపజేసి, నడుమ షష్ఠీబోధకమైన 'ల' చేర్చి, అంతయు ఏకపదము చేసినట్లు తోచుచున్నది. పదము చెవికి ఇంపుగానే యున్నది. అయితే స్వాహిలీ ఆఫ్రికా తూర్పుతీరపు భాష. అమెరికాకు బానిసలుగా కొనిపోబడినవారిలో అత్యధికులు పశ్చిమ, మధ్యపశ్చిమ తీరములనుండి పోయినవారు. 1960ల నుండి అమెరికా నల్లజాతి ఉద్యమకారులు స్వాహిలీని సర్వాఫ్రికాకు చిహ్నముగా స్వీకరించిరి. అనగా ఈ పేరు ఒక భావమునకు చెందినది. ఎవరి అమ్మమ్మ ఊరికిని చెందినది కాదు. 'టెన్నెసీ' అను నామము చెరోకీ జాతివారి గ్రామనామమునుండి వచ్చినదే యైనను, స్పీచ్ నోట అది స్వంత ఊరుగా పలికినది. ఒక పేరునుండి రెండవ పేరునకు పోవు త్రోవలోనే మేము ఈ పరాజయచరిత్ర అంతయు చదువగలుగుచున్నాము.

సంపుటిలో 15 పాటలు కలవు. ఒక కల్పిత రేడియో కేంద్రపు ప్రసారముగా అది ఆరంభమగును. ఆ కేంద్రము పేరులోని అక్షరములకు 'మనము పోరాడి గెలువవలెను' అని విస్తరణ. బిల్‌బోర్డ్ పట్టికలో ఇది 55వ స్థానమును దాటలేదు. ముందుగా విడుదలచేసిన 'ఈజ్ మై మైండ్' పాటయు పూర్వపు మూడుపాటల ఎత్తునకు చేరలేదు. సమీక్షకులలో కొందరు బృందము చిత్తశుద్ధిని మెచ్చిరి. కొందరు ఉపన్యాసధోరణిని ఆక్షేపించిరి. 1996 నాటికి బృందమే విడిపోయినది.

తీరిక చాలలేదను వాదమును మొదట చూతము. మొదటి కృతికి జీవితమంతయు, రెండవదానికి రెండేండ్లును మాత్రమే దొరకునని సంగీతవ్యాపారమున ఒక మాట వాడుకలో కలదు. ఈ బృందమునకు రెండు సంపుటుల నడుమ దొరకినది రెండు సంవత్సరముల మూడు మాసములు. అదే అట్లాంటా నగరమువారైన అవుట్‌కాస్ట్ జంట తొలి సంపుటి 1994 ఏప్రిలులోను, రెండవదగు 'ఏటీలియెన్స్' 1996 ఆగస్టులోను వచ్చినవి; ఎడము రెండు సంవత్సరముల నాలుగు మాసములు. 'ఏటీలియెన్స్' పట్టికలో 2వ స్థానమునకు ఎక్కినది, నేటికిని మన్నన పొందుచున్నది. ఒకే ఊరు, ఇంచుమించు ఒకే వ్యవధి. కావున ఈ వాదమునందు సారము తక్కువ.

అభిరుచి మారినదను వాదము అంత తేలికగా త్రోసివేయదగినది కాదు. బ్రూక్లిన్‌లోని 'డిగబుల్ ప్లానెట్స్' అను బృందమునకు 1993లో తొలి సంపుటియు, 1994లో గ్రామీ బహుమానమును వచ్చినవి. వారును సాత్వికులుగానే గణింపబడిరి. వారి రెండవ సంపుటి 'బ్లోఅవుట్ కోమ్' 1994 అక్టోబరులో వెలువడి, అమ్మకములలో తొలిదానికంటె ఎంతయో వెనుకబడినది. ఆ బృందమును త్వరలోనే చెదరిపోయినది. కనుక 1994లో ఇట్టివారికి కొనువారు తగ్గిరనుట నిజము. కాని 'బ్లోఅవుట్ కోమ్'ను తరువాతి తరమువారు వెదకి విని, తొలిదానికంటె మేలైనదని చెప్పువారు పెరిగిరి. బీస్టీ బాయ్స్ వారి రెండవ సంపుటి 'పాల్స్ బొటీక్' 1989లో నిరాశ కలిగించి, అనంతరము హిప్-హాప్ ఉత్తమకృతులలో స్థానము పొందినది. 'జింగలమదూని'కి అట్టి పునర్జన్మ కలుగలేదు. అంగడిలో ఓడుట ఒకటి, జ్ఞాపకమునుండి జారుట మరియొకటి. మొదటిదానికి కాలము కారణము కావచ్చును. రెండవదానికి కృతినే అడుగవలెను.

డియాన్ ఫ్యారిస్ లేకపోవుట కొంత కారణమనుటకు మేము సమ్మతింతుము. ఆమె వేరుపడి 1994లో తన స్వంత సంపుటిని వెలువరించెను. అందలి 'ఐ నో' అను పాట 1995లో 4వ స్థానమునకు వెళ్లినది. రెండవ సంపుటిలోని స్త్రీకంఠములు మంచివే గాని, 'టెన్నెసీ' చివరవలె పాటను చీల్చుకొని పైకి రావు.

ఇక కృతిలోనికి పోవుదము. పాటల పేర్లను వరుసగా చదివినంతనే ఒక భేదము కనబడును. 'ఏకమైన మనస్సులు', 'ఏకమైన కూటమి', 'ఆత్మగౌరవము', 'నాలోని ఆఫ్రికా' అను అర్థము కల పేర్లు ఇందు కలవు. ఇవి సభాతీర్మానములకు తగిన పేర్లు. 'ఏచిన్ ఫర్ ఏకర్స్' అను పాట నల్లజాతివారికి స్వంతభూమి కావలెనని చెప్పును. 'నొప్పి' అను అర్థము కల మాటకును, భూమి కొలతకును గల ఉచ్చారణసామ్యముతో చేసిన చమత్కారమది. ఆ కొలతయే మన పల్లెలలో 'ఎకరము'గా స్థిరపడినది. విషయము సామాన్యమైనది కాదు. 1865 జనవరిలో సేనాని షెర్మన్ విముక్తులైన బానిసలకు కుటుంబమునకు 40 ఎకరముల మేరకు భూమి కేటాయింప నుత్తరువిచ్చుటయు, ఆ సంవత్సరముననే రాష్ట్రపతి జాన్సన్ దానిని రద్దుపరచుటయు వారి చరిత్రలో మానని గాయము. కాని ఆ భూమిని దున్నినవాడు గాని పోగొట్టుకొన్నవాడు గాని పాటలో మనకెదురుపడడు. కావలసినదేమో తెలియును, కావలసినవాడెవడో తెలియదు.

'మిస్టర్ వెండల్'ను, రెండవ సంపుటిలోని 'మిస్టర్ ల్యాండ్‌లార్డ్'ను జతపరచి చూచినచో విషయము తేటపడును. రెండును 'మిస్టర్' అను సంబోధనతోనే ఆరంభమగు పేర్లు. ఒకదానిలో దానివెనుక మనుష్యుని పేరున్నది, రెండవదానిలో ఇంటి యజమాని అను హోదాయున్నది. వెండల్‌ను మనము వీధిలో గుర్తుపట్టగలము. ఇంటి యజమాని ఎట్లుండునో, ఏ ఇంటివాడో మనకు తెలియదు. అతడొక వర్గమునకు ప్రతినిధి. వక్తయు అట్లే ప్రతినిధి. ఒక ప్రతినిధి మరియొక ప్రతినిధితో మాటలాడుచుండగా శ్రోతకు చోటెక్కడ? మొదటి సంపుటిలో 'నేను' అని వచ్చిన చోట్ల రెండవదానిలో 'మనము' ఎక్కువైనది. 'మనము' గొప్ప మాటయే. పూర్వము 'నేను' అని దుఃఖించినవాడు తరువాత 'మనము' అనినచో విందుము; మొదటినుండియు 'మనము' అనువానిని సభాధ్యక్షునిగానే చూతుము.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పక తప్పదు. ప్రభుసమ్మితమే పరాజయకారణమైనచో, పబ్లిక్ ఎనిమీ బృందమువారి మాట ఏమి? 1988లో వెలువడిన వారి రెండవ సంపుటి ఆమూలాగ్రము శాసనమే. అందు 'మనము' అను మాటకు కొదువ లేదు. అయినను అది ఆ ఏటి విమర్శకుల ఓటింగులో ప్రథమస్థానము పొంది, హిప్-హాప్‌లో రెండవయేటి గండమునకు గొప్ప అపవాదముగా నిలిచినది. ఆక్షేపణ బలమైనదే. కాని ఆ సంపుటిలోని ధ్వనిని విన్నవారికి సమాధానము చెవిలోనే దొరకును. చీలిన శాంపిళ్లు, కూతపెట్టు ఈలలవంటి నాదములు, ఊపిరి సలుపనీయని లయ. ఆపద వాకిట నిలిచినదని వాద్యములే చెప్పుచుండును. ఇల్లు కాలునప్పుడు శాసించువానిని ఎవరును తప్పుపట్టరు. రౌద్రము స్థాయిగా నిలిచినచోట ఆజ్ఞ ఔచిత్యము పొందినది. 'జింగలమదూని' ధ్వని అట్టిది కాదు. దాని లయ ప్రసన్నము, వాద్యములు మృదువులు, గాత్రము చల్లనిది. ఎండలో చెట్టునీడన కూర్చుండి వినదగిన సంగీతము. ఆ నీడన కూర్చుండబెట్టి పోరాడుమని ఆజ్ఞాపించుటయే ఇందలి అనౌచిత్యము. క్షేమేంద్రుడు ఔచిత్యమును రససిద్ధమైన కావ్యమునకు ప్రాణమనెను. నడుమునకు హారము, మెడకు మొలనూలు ధరించుటను దానికి వికటముగా చూపెను. ఆభరణములు మంచివే, చోటు మారినది.

ఉపదేశమునకు శ్రోతలు అప్పుడు లేకపోలేదు. అట్లాంటావారే అయిన గూడీ మాబ్ 1995లో 'సోల్ ఫుడ్' అను సంపుటిని వెలువరించిరి. అందును బోధ దండిగా కలదు. పేరు మాత్రము వంటింటినుండి గైకొన్నారు. దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారు తిను ఇంటి భోజనమునకు ఆ పేరు. అట్లాంటా హిప్-హాప్ ఆ త్రోవను పట్టి మహావృక్షమైనది. ఆ నేలలో మొదటి విత్తు వేసినవారిలో ముఖ్యులైన అరెస్టెడ్ డెవలప్‌మెంట్‌వారు ఆ చరిత్రలో తరచు ఒక్క వాక్యముతో గడచిపోవుచున్నారు. అది అన్యాయమని మా అభిప్రాయము. పల్లెను, మట్టిని, ముత్తవ్వలను హిప్-హాప్‌లోనికి తెచ్చినవారిలో వారు అగ్రగణ్యులు.

బృందము 2000 ప్రాంతమున తిరిగి కూడినది. అప్పటినుండి పలు సంపుటులు వెలువరించినది. నడుమ 2003లో ఇదే పేరుతో అమెరికా దూరదర్శనమున ఒక హాస్యధారావాహిక ఆరంభమగుటచే, నేడు ఆ పేరు వినినవారిలో పెక్కురకు ఆ ధారావాహికయే స్ఫురించుచున్నది. బాబా ఓజే 2018లో మరణించెను.

రెండవ సంపుటిని నేడు విను ఆసక్తి కలవారికి మేము రెండు పాటలను సూచింతుము. ఒకటి 'ఈజ్ మై మైండ్'. పోరాటమునుండి క్షణకాలము తొలగి మనశ్శాంతిని కోరుకొనువాని మాట అది. సంగీతమునకును మాటకును ఇందు పొత్తు కుదిరినది. రెండవది 'వార్మ్ సెంటిమెంట్స్'. తనతో చెప్పక గర్భస్రావము చేయించుకొన్న ప్రియురాలితో ఒక పురుషుడు మాటలాడుచున్నాడు. అతని వాదము ఏకపక్షమైనది. ఆమె పక్షము మనకు వినబడదు, అది పాటలోని లోపమే. కాని అతడు ఎవరికిని ప్రతినిధి కాడు. కోపమును ప్రేమను విడదీయలేక, చెప్పినమాటనే తడబడుచు మరల చెప్పుచున్నాడు. పదునైదు పాటలలో వెండల్‌ను, టెన్నెసీని పాడిన కంఠము మాకు స్పష్టముగా వినబడినది ఇచ్చటనే.